పదవి, రోగం, ప్రజాధనం

పన్నుల రూపంలో ప్రజలు చెల్లించిన సొమ్ముతో ఒక స్థానిక అధికారి, లేదా ఒక ఊరి ప్రతినిధి, వైద్యం చేయించుకోవచ్చునా అన్న ప్రశ్న మొదటి చూపుకు ఒక గుమాస్తా తీర్చగలిగినంత చిన్నదిగా కనిపిస్తుంది. నిబంధనల పుస్తకం తెరవడం, పదవి పేరు అందులో ఉన్నదో లేదో చూడడం, ఉంటే మంజూరు, లేకుంటే తిరస్కారం. ప్రభుత్వ కార్యాలయాల్లో ఈ పని ప్రతిరోజూ జరుగుతూనే ఉంటుంది. అయితే బిల్లు పెట్టుకొన్న వ్యక్తి సర్పంచి అయినప్పుడో, మండల పరిషత్తు సభ్యుడైనప్పుడో, అంగన్‌వాడీ కార్యకర్త అయినప్పుడో పుస్తకం తడబడుతుంది. ఈ వ్యక్తి ప్రభుత్వోద్యోగి అవునా, కాదా? కాకపోతే, ప్రభుత్వం పని చేస్తున్న ఈ వ్యక్తిని ఏమని పిలవాలి? అక్కడ గుమాస్తా చేతిలోని ప్రశ్న ధర్మమీమాంసలోకి జారిపోతుంది.

తెలుగులో ‘అర్హత’ అన్న ఒక్క మాట రెండు వేర్వేరు విషయాలను మోస్తున్నది. నిబంధన ప్రకారం తగినవాడు అర్హుడే. న్యాయం ప్రకారం తగినవాడూ అర్హుడే. ఈ ఇద్దరూ ఒక్కరే అయినంత కాలం చిక్కు లేదు. కాని నిబంధన ప్రకారం తగి, న్యాయం ప్రకారం తగనివాడు కొందరికి ఎదురవుతాడు. అంతకన్న తరచుగా, న్యాయం ప్రకారం తగి నిబంధనలో చోటు దొరకని మనిషి ఆసుపత్రి వరండాలో కూర్చుని కనిపిస్తాడు. ఫలానా అధికారికి ఈ సదుపాయం చెల్లునా అని ఒక పౌరుడు అడిగినప్పుడు అతడు ఈ రెండు అర్థాలలో దేనిని పట్టుకొని అడుగుతున్నాడో ముందుగా తేలాలి. చాలా వివాదాలలో అది తేలదు.

ప్రజాధనంతో అందే వైద్యం అసలు ఏమిటి? ఉద్యోగుల విషయంలో అది జీతంలో ఒక భాగం. 1954లో ఢిల్లీలో మొదలైన కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకంలో ఉద్యోగి ప్రతినెలా కొంత చందా కడతాడు. మిగిలినది ప్రభుత్వం భరిస్తుంది. ఇది దానమూ కాదు, దయా కాదు. చేసిన పనికి ప్రతిఫలంలో ఒక పాలు. పని వల్ల ఒంటికి వచ్చిన కష్టానికి పరిహారంగా వైద్యాన్ని చూడడం మరొక దృష్టి. మనిషిగా పుట్టినందుకే అది హక్కు అన్నది వేరొక దృష్టి; దాని ప్రకారం పదవి ప్రసక్తే అక్కరలేదు. ఈ దృష్టులలో దేనికదే సమంజసం. సదుపాయాన్ని ఒక కారణం చెప్పి ఇచ్చి, అదే సదుపాయాన్ని వేరొక కారణం చెప్పి నిరాకరించినప్పుడే అన్యాయం మొదలవుతుంది.

స్థానిక పాలన చరిత్ర ఈ గందరగోళానికి మంచి సాక్ష్యం. ఆంధ్రప్రదేశ్‌లో కరణాలూ మునసబులూ తరతరాలుగా ఊరి లెక్కలు రాశారు, శిస్తు వసూలు చేశారు, శాంతిభద్రతలు చూశారు. వారి పెత్తనం ఎంతటిదో ఆనాటి సాహిత్యం చదివినవారికి చెప్పనక్కరలేదు. అయినా ప్రభుత్వ దస్త్రాలలో వారు పార్ట్‌టైమ్ గ్రామాధికారులు. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సు ద్వారా ఆ పదవులను రద్దు చేసినప్పుడు, 1985లో సుప్రీంకోర్టు టి. వెంకటరెడ్డి కేసులో ఆ రద్దును సమర్థించింది. ఊరి మీద అధికారం పూర్తికాలానిది. ఉద్యోగం మాత్రం సగం కాలానిది. ఆ వ్యవస్థ పోవడం మంచిదే కావచ్చు. ఆ సగం మాట మాత్రం పోలేదు.

1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు రాజ్యాంగ ప్రతిపత్తి కల్పించింది. పార్లమెంటు సభ్యుల జీతభత్యాల గురించి రాజ్యాంగం 106వ అధికరణంలో, శాసనసభ్యుల జీతభత్యాల గురించి 195వ అధికరణంలో స్పష్టంగా మాట్లాడింది. పంచాయతీలకు కేటాయించిన తొమ్మిదవ భాగంలో అలాంటి అధికరణం లేదు. ఆ ఖాళీలో పుట్టినదే ‘గౌరవ వేతనం’. ఇది చిత్రమైన పదబంధం. వేతనం అనుకొందామంటే దానితో ఇల్లు గడవదు; గౌరవం అనుకొందామంటే దానికి నెలల తరబడి ఎదురుచూడవలసి వస్తుంది. గౌరవ వేతనం పుచ్చుకొనేవారికి సర్వీసు నిబంధనలు వర్తించవు గనుక ఉద్యోగుల ఆరోగ్య పథకంలో చోటు ఉండదు. అదే సర్పంచి లంచం పుచ్చుకొంటే 1988 నాటి అవినీతి నిరోధక చట్టం అతనిని ఏ సంకోచమూ లేకుండా ప్రభుత్వ సేవకుడిగా గుర్తిస్తుంది. శిక్షకు ప్రభుత్వ సేవకుడు, చికిత్సకు ప్రైవేటు మనిషి.

అంగన్‌వాడీ కార్యకర్తల కథ ఇంకా సూటిగా ఉంటుంది. 2006లో కర్ణాటక రాష్ట్రానికి సంబంధించిన అమీర్బీ కేసులో సుప్రీంకోర్టు వారివి సివిల్ పోస్టులు కావన్నది. పిల్లలకు తిండి పెట్టడం, బాలింతలను చూసుకోవడం, ఓటర్ల జాబితాల పని, సర్వేలు, ప్రభుత్వానికి అవసరమైన ప్రతి లెక్కా వారి భుజాల మీద పడుతూనే ఉన్నా వారు స్వచ్ఛంద సేవకులుగానే లెక్కకు వచ్చారు. 2022 ఏప్రిల్‌లో అదే న్యాయస్థానం గుజరాత్ నుంచి వచ్చిన వ్యాజ్యంలో వారికి గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని తీర్పు చెప్పింది. వారి పని గౌరవ సేవ కాదని అంగీకరించడానికి 16 ఏళ్లు పట్టింది. 2024 ఫిబ్రవరి 1న ప్రవేశపెట్టిన మధ్యంతర బడ్జెట్టులో ఆశా కార్యకర్తలకూ అంగన్‌వాడీ కార్యకర్తలకూ సహాయకులకూ ఆయుష్మాన్ భారత్ వైద్య రక్షణ ప్రకటించారు. ఊరి ఆరోగ్యానికి కాపలా కాసేవారి ఆరోగ్యం ఎవరి బాధ్యత అన్న ప్రశ్నకు అంతవరకూ దేశమంతటికీ వర్తించే జవాబు లేదు.

పదవితో రాని రక్షణ పేదరికంతో రావచ్చు. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో ఆరంభమైన ఆరోగ్యశ్రీ ఆ దారి తెరిచింది. దానికి ప్రవేశపత్రం తెల్ల రేషను కార్డు. కూలికి పోతూ సర్పంచి అయిన ఒక స్త్రీ తెల్లకార్డుతో గుండె ఆపరేషన్ చేయించుకొంటే అది పేద పౌరురాలిగా ఆమె హక్కు. పదవికి దానితో సంబంధం లేదు. కాని ఊరిలో ఈ వివేచన నిలవదు. ‘సర్పంచికి తెల్లకార్డు ఏమిటి’ అన్న మాట ముందు పుడుతుంది. ఆమె ఇంట్లో ఏమున్నదో చూడకుండా పదవిని చూసి ఆస్తిని ఊహించడం అది. దీనికి ఎదురు కథ కూడా ఉన్నది. ఎకరాల కొద్దీ మాగాణి ఉండి, పలుకుబడితో తెల్లకార్డు నిలుపుకొన్న పెద్దమనిషి. అతనిని ప్రశ్నించడం న్యాయం. రెండు సందర్భాలలోనూ ప్రశ్న ఒకటే అయినా ఆమెను అడిగేవారు ఊరినిండా ఉంటారు, అతనిని అడిగేవారు అరుదు. మహిళలకూ దళితులకూ గిరిజనులకూ స్థానాలు కేటాయించిన 243డి అధికరణం వచ్చిన తర్వాత ఈ తేడా మరింత స్పష్టంగా కనిపించడం యాదృచ్ఛికం కాదు.

పదవిని చూసో ఆస్తిని చూసో కాక పనిగంటలు లెక్కపెట్టి అర్హత తేల్చాలని చూసిన దేశాలున్నాయి. తెలుగువారు వేల సంఖ్యలో స్థిరపడిన అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం అందుకు ఉదాహరణ. అక్కడి పురపాలక సంఘాలలో ఎన్నికైన సభ్యులు చాలామంది వేరే వృత్తులు చేసుకొంటూ సాయంత్రాలు సమావేశాలకు వచ్చేవారు. అలాంటివారు ప్రభుత్వ ఆరోగ్య బీమా పొందడం మీద విమర్శలు వచ్చాయి. 2010లో చేసిన చట్టం కొత్తగా పదవిలోకి వచ్చేవారికి వారానికి కనీస పనిగంటల నియమం విధించింది. అప్పటికే ఆ రక్షణలో ఉండి అదే పదవిలో కొనసాగుతున్నవారిని మినహాయించింది. గంటల లెక్క నిష్పక్షపాతమైనదిగా తోస్తుంది. కాని ఎన్నికైన మనిషి పని గంటలను ఎవరు కొలుస్తారు? అర్ధరాత్రి తలుపు తట్టిన వరద బాధితుడి కోసం వెచ్చించిన సమయం ఏ హాజరు పట్టీలో ఎక్కుతుంది? మన గ్రామాలలోనైతే ఈ కొలబద్ద మరీ పొసగదు. సర్పంచి పనికి ఇంటికీ కచేరీకీ మధ్య గోడ లేదు. ఆ చట్టంలో గ్రహించదగినది వేరే ఉన్నది. స్థానిక ప్రతినిధి పొందే సదుపాయం గురించి పన్ను కట్టేవాడు అడగవచ్చు, అడిగితే అతనికి జవాబు చెప్పవలసి ఉంటుంది అన్న భావన అక్కడ మామూలు విషయం. అడిగినవాడు శత్రువు కాడు.

మన న్యాయస్థానాల ముందు ఈ ప్రశ్న ఎంత దూరం వెళ్లిందో తెలియాలంటే 1996 సంవత్సరం ఒక్కటి చాలు. ఆ ఏడాది జనవరిలో సుప్రీంకోర్టు సుర్జీత్‌సింగ్ కేసులో తీర్పు చెప్పింది. పంజాబుకు చెందిన ఒక పోలీసు అధికారి ఇంగ్లండులో కుమారుడి వద్ద ఉండగా గుండెజబ్బు ముదిరి అక్కడే బైపాస్ శస్త్రచికిత్స చేయించుకొన్నాడు. ముందు అనుమతి లేదని ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. ప్రాణం కాపాడుకోవడం మనిషికి స్వతస్సిద్ధమైన హక్కు, అత్యవసరంలో ఉన్నవాడు బోర్డు అనుమతికై వరుసలో నిలబడలేడు అని కోర్టు భావించి, ఢిల్లీలోని ఒక గుర్తింపు పొందిన ప్రైవేటు ఆసుపత్రి రేట్ల మేరకు ఖర్చు తిరిగి ఇవ్వమన్నది. ఆ తర్వాత నాలుగు నెలలకు, మే నెలలో, అదే కోర్టు పశ్చిమ బెంగాల్ ఖేత్ మజ్దూర్ సమితి కేసును తీర్చింది. 1992 జూలైలో మథురాపుర్ స్టేషను వద్ద రైలు నుంచి పడి తలకు తీవ్రంగా దెబ్బ తగిలిన ఒక వ్యవసాయ కూలీని ఒకదాని తర్వాత ఒకటిగా ప్రభుత్వ ఆసుపత్రులు చేర్చుకోలేదు. పడకలు లేవన్నాయి, సదుపాయం లేదన్నాయి. చివరికి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సుమారు 17,000 రూపాయలు ఖర్చుపెట్టి అతడు బతికాడు. అతనికి 25,000 రూపాయల పరిహారం ఇవ్వమని కోర్టు ఆదేశించింది. డబ్బు లేదన్న సాకుతో రాజ్యం ఈ బాధ్యత నుంచి తప్పుకోలేదని స్పష్టం చేసింది.

రెండు తీర్పులకూ ఆధారం జీవించే హక్కే. రెండింటిలోనూ న్యాయం జరిగింది. అయినా వీటిని పక్కపక్కన పెట్టి చదివినవారికి ఒక సంగతి తట్టక మానదు. అధికారి విషయంలో వివాదం ఎంత రేటు ఇవ్వాలన్నది. కూలీ విషయంలో వివాదం ఆసుపత్రి తలుపు తెరుచుకొంటుందా అన్నది. ఒకరికి అర్హత ముందే ఉన్నది, లెక్క మాత్రమే తేలాలి. మరొకరికి లెక్క దాకా చేరడానికే నాలుగేళ్లు పట్టింది. రెండేళ్ల తర్వాత, 1998లో, రామ్ లుభాయా బగ్గా కేసులో కోర్టు ఉద్యోగుల వైద్యపు ఖర్చుకు కూడా ప్రభుత్వం ఒక పరిమితి పెట్టుకోవచ్చునని, ఏ రాజ్యానికీ తరగని ఖజానా ఉండదని అంగీకరించింది. పరిమితి అన్నది న్యాయమే అయితే అది ఎక్కడినుంచి మొదలు కావాలి అన్న ప్రశ్న మిగిలే ఉన్నది.

ప్రజల ఆదాయంలో కొంత వైద్యానికి కేటాయించాలన్న ఆలోచన ఈ నేలకు కొత్తది కాదు. కాకతీయ రుద్రమదేవి కాలంలో, 1261లో వేయించిన మల్కాపురం శాసనం గోళకీ మఠాధిపతి విశ్వేశ్వర శంభువుకు మందడం, వెలగపూడి గ్రామాలు దానమిచ్చిన సంగతి చెబుతుంది. ఆ గ్రామాల ఆదాయంలో ప్రసూతిశాలకూ ఆరోగ్యశాలకూ భాగాలు ఏర్పడ్డాయి. వైద్యునికీ లెక్కలు రాసే కాయస్థునికీ జీవిక కల్పించారు. అన్నసత్రంలో బ్రాహ్మణుడు మొదలు చండాలుని దాకా వచ్చిన ప్రతివారికీ అన్నం పెట్టాలని శాసనంలో ఉన్నది. ఆనాటి సమాజం సమానత్వాన్ని పాటించిందని ఇందువల్ల అనుకోనక్కరలేదు; అదే శాసనం వర్ణక్రమాన్ని యథాతథంగా చూస్తుంది. కాని అందులోని ఒక ఏర్పాటు ఆలోచింపజేస్తుంది. వైద్యుడూ లేఖకుడూ ఆ ఆదాయం మీద బతికేది ఆరోగ్యశాలను నడిపించినందుకు. అధికారి జీవిక, రోగి చికిత్స ఒకే పంట నుంచి వచ్చేవి. పంట తగ్గితే ఇద్దరికీ తగ్గేది. విచిత్రమేమంటే ఆ వెలగపూడిలోనే 2016 నుంచి ఆంధ్రప్రదేశ్ సచివాలయం, 2017 నుంచి శాసనసభ నడుస్తున్నాయి. వైద్యపు బిల్లుల దస్త్రాలు ఇప్పుడు మళ్లీ ఆ ఊరికే చేరుకొంటున్నాయి.

శాసనసభ ప్రసక్తి వచ్చింది గనుక ఒక మాట. సర్పంచికి ఏమి ఇవ్వాలో వేరొకరు నిర్ణయిస్తారు. శాసనసభ్యులకు, పార్లమెంటు సభ్యులకు ఏమి ఇవ్వాలో వారే చట్టం చేసుకొంటారు. రాజ్యాంగమే ఆ అధికారం ఇచ్చింది గనుక చట్టరీత్యా ఇందులో తప్పు లేదు; మాజీ పార్లమెంటు సభ్యుల పింఛను మీద లోక్ ప్రహరీ అనే సంస్థ వేసిన వ్యాజ్యాన్ని 2018లో సుప్రీంకోర్టు కొట్టివేస్తూ అది పార్లమెంటు విచక్షణకు చెందిన విషయమన్నది. కాని తన అర్హతను తానే నిర్ణయించుకొనే మనిషికి తక్కినవారికన్న ఎక్కువ సంకోచం ఉండాలన్నది చట్టం చెప్పనక్కరలేని నీతి. తగుదునమ్మా అని ముందుకు వచ్చినవాడిని మన పల్లెలు ఎప్పుడూ మెచ్చలేదు. 1931 కరాచీ కాంగ్రెసు తీర్మానం ప్రభుత్వోద్యోగి జీతం సాధారణంగా నెలకు 500 రూపాయలు దాటరాదని కోరింది. ఆ అంకె నిలవలేదు, నిలవడం సాధ్యమూ కాదు; కాని పాలించబోయేవారు అధికారం చేతికి రాకముందే తమకు తామే ఒక గీత గీసుకొన్నారన్నది గుర్తుంచుకోదగినది. ఇప్పుడు గీత గీసేటప్పుడు చూపు పైనుంచి కిందికి పోతున్నది. పెద్ద పదవిలో ఉన్నవారి బిల్లు నిశ్శబ్దంగా సాగిపోతుంది. చిన్న పదవిలో ఉన్నవారి బిల్లు మీద వాకబు మొదలవుతుంది.

అయితే అడగడానికీ ఒక మర్యాద ఉన్నది. రోగం మనిషి అత్యంత నిస్సహాయంగా ఉండే స్థితి. ఒక ప్రతినిధికి ఏ జబ్బు చేసిందో, దానికి ఏ మందు వాడుతున్నాడో తెలుసుకొని రచ్చబండ మీద చెప్పుకోవడం జవాబుదారీతనం కాదు, అది కక్ష. ఎన్నికల ముందు ప్రత్యర్థి జబ్బును ప్రచారం చేయడం స్థానిక రాజకీయాలలో తెలియని విద్య కాదు. మంజూరైన మొత్తం ఎంత, ఏ నిబంధన కింద, ఎవరి సంతకంతో అన్నది మాత్రం ప్రజల సొత్తు. 2005 నాటి సమాచార హక్కు చట్టం వ్యక్తిగత సమాచారానికి మినహాయింపు ఇస్తూనే విస్తృత ప్రజాప్రయోజనం ఉన్నచోట దానిని పక్కన పెట్టవచ్చునన్నది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఆ మినహాయింపును వెడల్పు చేసింది. జబ్బును దాచడానికి ఏర్పడిన తెర బిల్లును కూడా దాచగలదన్న ఆందోళన నిరాధారమని చెప్పలేము. జబ్బు, బిల్లు రెండూ ఒకే కాగితం మీద ఉంటాయి గనుక దానిని మధ్యకు మడిచి రెండవ సగం మాత్రమే చూపించే పద్ధతి కార్యాలయాలు నేర్చుకోవాలి. ఇది కష్టమైన విద్యేమీ కాదు.

ఇందులో ఇంకొక చిక్కు ఉన్నది, బహుశా అన్నిటికన్న బరువైనది. నిబంధన ప్రకారం నూటికి నూరుపాళ్లు అర్హుడైన అధికారి తన చికిత్సకు నగరంలోని గుర్తింపు పొందిన ప్రైవేటు ఆసుపత్రికి వెళతాడు. అందులో దోషం లేదు. 2018లో శివకాంత్ ఝా కేసులో సుప్రీంకోర్టు ఇంకొక అడుగు ముందుకు వేసి, ఆసుపత్రి పేరు జాబితాలో లేదన్న ఒక్క కారణంతో పింఛనుదారు బిల్లును తిరస్కరించరాదని, చికిత్స నిజంగా జరిగిందా అన్నదే పరీక్ష అని చెప్పింది. రోగి పక్షాన ఇది మానవీయమైన తీర్పు. కాని జిల్లా ఆసుపత్రిని నడిపించే బాధ్యత ఉన్నవారెవ్వరూ ఆ ఆసుపత్రిలో పడుకోవలసిన అగత్యం లేకపోతే, అక్కడ మంచం మీద దుప్పటి లేదన్న సంగతి వారికి నివేదిక ద్వారా మాత్రమే తెలుస్తుంది. నివేదికలో దుప్పటి ఉంటుంది. అదే ఏడాది మార్చిలో అలహాబాదు హైకోర్టు ఉత్తరప్రదేశ్‌లో ప్రభుత్వ జీతం పుచ్చుకొనేవారు ప్రభుత్వ ఆసుపత్రులలోనే వైద్యం చేయించుకోవాలని ఆదేశించింది. ఆ ఆదేశం ఆచరణలో ఎంతవరకు నిలిచిందన్నది పక్కన పెడితే, అది పట్టుకొన్న నాడి సరైనదే. బలవంతంగా అధికారిని ఫలానా మంచం మీద పడుకోబెట్టడం క్రూరమూ కావచ్చు, నిష్ప్రయోజనమూ కావచ్చు. కలెక్టరు వస్తున్నాడంటే ఆ ఒక్క మంచానికి దుప్పటి వస్తుంది. అయినా తాను నడిపే ఆసుపత్రిని తన ప్రాణానికి నమ్మలేని అధికారి, ఊరివారిని మాత్రం దానిని నమ్ముకొమ్మనడంలోని వైరుధ్యాన్ని ఏ సర్వీసు నిబంధనా తొలగించలేదు. సర్పంచికి ఆ వైరుధ్యం తక్కువ. చాలా ఊళ్లలో అతనికి దగ్గరలో ఉన్నది ప్రాథమిక ఆరోగ్య కేంద్రమే. డాక్టరు రాకపోతే ఊరితోపాటు అతడూ ఎదురుచూస్తాడు.

2024 అక్టోబరు 29న ఆయుష్మాన్ భారత్‌ను 70 ఏళ్లు నిండిన ప్రతి పౌరునికీ విస్తరించారు. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి ఖర్చు. ఆదాయం అడగరు, పదవి అడగరు, ఏ రంగు రేషను కార్డు ఉన్నదని అడగరు. కేంద్ర ఉద్యోగుల పథకంలో ఉన్న పెద్దలు మాత్రం రెండింటిలో ఒకదానిని ఎంచుకోవాలి. మాజీ సర్పంచి, ఆయన పొలంలో పనిచేసిన పాలేరు, ఆయన బిల్లు మీద అభ్యంతరం రాసిన విశ్రాంత గుమాస్తా, ముగ్గురూ ఆ వయసుకు చేరితే ఒకే వరుసలో నిలబడి ఒకే కార్డు తీసుకోవచ్చు. 69వ ఏట జబ్బుపడినవారికి మాత్రం పాత పుస్తకమే తెరుస్తారు. పదవి పేరు అందులో ఉన్నదో లేదో చూస్తారు.